ఇంటిల్లిపాదీ వచ్చిన కచేరీ

నిన్న పొద్దున ఎదురింటివాళ్లు మిద్దె మీద జంపఖానా దులుపుతుంటే ఆ దుమ్ము వాసన మా వంటింటి దాకా వచ్చింది. ఇంకో రోజైతే కిటికీ మూసి నాలుగు మాటలు అనేదాన్ని. నిన్న మాత్రం పొయ్యి తగ్గించి కాసేపు అట్లాగే నిలబడ్డాను. నస్రీన్ గుర్తొచ్చింది.

నస్రీన్ గద్వాలలో మా ఇంటి ముందుగదిలో రెండేళ్లు అద్దెకున్న పిల్ల. నాగర్‌కర్నూల్‌లో వాళ్ల నాన్నకు బట్టల దుకాణం ఉంది. హైదరాబాదులో ఉద్యోగం మానేసి సొంతంగా కంపెనీ పెట్టింది. పాట వినాలనుకునేవాళ్లు ముందే ఫోనులో డబ్బు కట్టాలి. సరిపడా జనం చేరితే పాటగాళ్లను పిలిపించి కచేరీ పెడుతుంది, చేరకపోతే ఎవరిది వాళ్లకు తిరిగి ఇచ్చేస్తుంది. ఈ సంగతి మొదట విన్నప్పుడు, ఉప్పూ పప్పూ కొన్నట్టు పాటను ఎవరన్నా కొంటారా అని అడిగాను. ఆ పిల్ల కోపం తెచ్చుకోలేదు. "పాడేటోళ్లు గూడ తినాలె గద అవ్వా," అంది. ముప్పై ఏళ్లు మగ్గాలకు నూలు చుట్టినదాన్ని. కూలి అడిగినప్పుడు ఎదుటివాళ్లు ముఖం ఎట్లా పెట్టేవాళ్లో నాకు తెలుసు.

మొదటి కచేరీ మన్ననూర్ వైపు అడవి గూడేల నుంచి వచ్చే నలుగురు ఆడవాళ్లది. నస్రీన్ తండ్రిని ఏడాది గడువు అడిగి వచ్చింది, అది ముగియవచ్చింది. ఈ ఒక్కటి చెడితే కంపెనీ మూసి మళ్లీ ఉద్యోగానికి పోవాల్సిందే. వనపర్తి, నాగర్‌కర్నూల్ నుంచి కొందరు ఫోనులో కట్టారు గానీ జనం సరిపోలేదు. మా మగ్గాల వీధివాళ్లకు ఫోనులో కట్టే అలవాటు లేదు, నేను పోయి అడుగుతానన్నాను. నా చదువు మూడో తరగతి. పేర్లు రాయడం వచ్చు. నాలుగు రోజులు ఇల్లిల్లూ తిరిగి, డబ్బు తీసుకుని నోట్‌బుక్కులో పేర్లు రాసి, టికెట్ల గడువుకు ఒక రోజు ముందే తక్కువైనంత మందినీ చేర్చాను.

కచేరీ సాయంత్రం ఫంక్షన్ హాలు గేటు దగ్గర నస్రీన్ నన్నే నిలబెట్టింది. రాసిన పేరుకు ఒక్కొక్కటి చొప్పున లోపల కుర్చీలు వేయించింది. మా వీధి లచ్చమ్మ పేరు పిలిస్తే, ఆమె వెనక అత్త, ఇద్దరు కోడళ్లు, పిల్లలు. వాళ్ల వెనక ఇంకో ఇల్లు, దాని వెనక ఇంకోటి. గేటుకు అడ్డంగా చెయ్యి పెట్టి, ఒక్కరే రావాలన్నాను.

"ఏంది నర్సమ్మత్తా, గిట్లంటవ్? పీర్ల పండుగ చందా లెక్కనే అంటివి గద. చందా ఇంటికి ఉంటది గని మనిషికి ఉంటదా?" అంది లచ్చమ్మ.

అన్నది నేనే. టికెట్ అంటే తలకెక్కదని, తెలిసిన మాటలో చెప్పాను. మా వీధిలో పీర్లకైనా వినాయకుడికైనా ఇంటికింత చందా ఇస్తారు. ఇచ్చాక ఇంట్లో ఎందరుంటే అందరూ వస్తారు. అది నాకు తెలియనిది కాదు. అయినా కాపురానికి వచ్చిన నాటి నుంచి ఎవరి ముందూ తప్పు ఒప్పుకుని ఎరగను. "నేనట్ల అనలే," అన్నాను గట్టిగా. లచ్చమ్మ ముఖం చిన్నబోయింది.

అంతలో నస్రీన్ వచ్చింది. ఎవరినీ ఏమీ అడగలేదు. "తప్పు నాది అక్కా, సరిగ చెప్పియ్యలే. అందరు లోపలికి రాండ్రి," అంది. కుర్చీలన్నీ తీయించి, పక్కనున్న టెంట్ హౌస్ నుంచి జంపఖానాలు తెప్పించి హాలంతా పరిపించింది. తానూ ఒక కొస పట్టుకుని దులిపింది. వనపర్తి నుంచి వచ్చిన ఒకాయన తాను కుర్చీకి డబ్బు కట్టానని గొణిగాడు. డబ్బు వాపసు ఇస్తాను, పాట మాత్రం విని పోవాలని బతిమాలింది. ఆయన గోడ పక్కన కూలబడ్డాడు, చివరిదాకా లేవలేదు.

పాటలు మొదలయ్యాక నస్రీన్‌ను పక్కకు పిలిచి, ఆ మాట అన్నది నేనేనని చెప్పాను.

"తెలుసు అవ్వా. నీ నోట్‌బుక్కుల ఇంటికొక్క పేరే ఉన్నది. నేను ముందే చూస్కోవాల్సుండె."

మరి నీ మీద ఎందుకేసుకున్నావని అడిగాను.

"నువ్వు నా దిక్కెల్లి అడగనీకి పోయినవ్. నీ తప్పు నాది గాదా? గని లచ్చమ్మక్కకు నువ్వే చెప్పాలె. అది నేను చెప్పలేను."

లచ్చమ్మ కూర్చున్న చోటికి పదడుగులు నడవడానికి నాకు రెండు పాటలు పట్టింది. ఆమె పక్కన కూర్చుని, అబద్ధమాడానని చెవిలో చెప్పాను. ఆమె పాడేవాళ్ల మీంచి చూపు తిప్పలేదు. "తెలుసు తియ్. జర జరుగు, పిల్ల కూసుంటది," అంది.

వారం తిరక్కముందే మా వీధివాళ్లు మళ్లీ ఎప్పుడని అడిగారు. నస్రీన్ మనిషికో టికెట్‌తో పాటు ఇంటికో టికెట్ కూడా పెట్టింది. బిజినేపల్లిలో, వడ్డేపల్లిలో పెట్టిన కచేరీలకు అదే ఎక్కువ అమ్ముడుపోయింది. తండ్రి గడువు మాట మళ్లీ ఎత్తలేదు. ఇప్పుడామె వనపర్తిలో పెద్ద ఆఫీసు తీసుకుంది. మా ముందుగదిలో వేరేవాళ్లున్నారు.

నా మనవరాలి ఈడు పిల్ల నాకు నేర్పిన పని ఒక్కటే, అదీ ఈ వయసులో. మొన్న చింతపండు డబ్బా కనబడలేదని కోడలి మీద అరిచాను. మధ్యాహ్నం అది నేను దాచిన చోటే దొరికింది. మునుపైతే చప్పుడు చేయకుండా తెచ్చి అలమరలో పెట్టేదాన్ని. ఈసారి డబ్బా చేత్తో పట్టుకునే కోడలి దగ్గరికి పోయి, నేనే పెట్టి మరిచానని, ఊరికే అన్నానని చెప్పాను. కోడలు రోట్లో నూరడం ఆపి నా వైపు చూసింది. తర్వాత కూర్చోమన్నట్టు పీట నా దగ్గరికి జరిపింది.