దగ్గరిదారి చూపిస్తే పనికిరాదు

శవవాహనం నడిపే మామయ్యకు ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. దారి చూపే యాప్ ఉచితంగా దొరకాలి, దొరికాక దానికి వంక పెట్టాలి. పొద్దున ఫోన్లోకి ఎక్కిన యాప్ సాయంత్రం దాకా నిలిస్తే గొప్పే.

ఆయన పెట్టే పరీక్ష కూడా మామూలుది కాదు. మేనకోడల్ని బండి వెనక, శవాన్ని ఉంచే బల్లమీద పడుకోబెట్టి తలుపు వేసేస్తాడు. ఆ పిల్ల చీకట్లో ఊపిరి బిగపట్టి వింటుంది. కాసేపటికి ముందునుంచి మనిషిది కాని గొంతు వస్తుంది.

"మీరు గమ్యం చేరుకున్నారు."

"ఎలా ఉందే?" అంటాడు మామయ్య.

"పైప్రాణాలు పైనే పోయాయి మామయ్యా."

"అయితే వద్దు. అక్కడ కూర్చునే చుట్టాలేమైపోతారు."

ఒక యాప్ శ్మశానం మలుపులో "వీలైతే వెనక్కి తిరగండి" అంది. వచ్చినవాళ్లందరూ ఒక్కసారిగా పెట్టెవైపు చూశారు. ఇంకొకటి దారి చెబుతూ చెబుతూ తలనూనె ప్రకటన అందుకుంది. ఏ వంకా లేని యాప్ ఒకటి దొరికితే, దాన్నీ తీసిపారేశాడు.

"ఇది బాగానే ఉందిగా?" అంది మేనకోడలు.

"దగ్గరిదారి చూపిస్తోందే. వెనక పడుకున్నాయనకేమైనా ఆఫీసుకు టైమైపోతోందా?"

మామయ్యకు చూపు మందగించాక స్టీరింగ్ ఆమె చేతికి వచ్చింది. కాళ్లరిగేలా తిరిగాక దొరికిన ఉద్యోగం. మొదటి రోజే యజమాని తేల్చి చెప్పాడు. "తిన్నగా వెళ్లాలి, ఎక్కడా ఆగకూడదు. ఇంటివాళ్లు ఒక్క మాట అన్నా రేపట్నుంచి రావద్దు."

ఆ మధ్యాహ్నం పొగమంచు ఎంతకూ విడవలేదు. వెనక పెట్టె పక్కన పోయినాయన భార్య ఒక్కతే కూర్చుంది. ముందు సీట్లో ఆమె పక్కన కూర్చున్న మామయ్య కొత్త యాప్ పెట్టి, ఫోన్ని అద్దం దగ్గర నిలబెట్టాడు.

"ఎడమకు తిరగండి," అంది ఫోను.

"శ్మశానం కుడివైపు కదా మామయ్యా?"

"అది చెప్పింది చెయ్యవే."

ఇరుకు సందు వచ్చింది. "ఇక్కడ ఆగండి," అంది ఫోను. మంచులో మూసేసిన సెలూన్ తప్ప ఏమీ లేదు. మేనకోడలు బ్రేకు మీద కాలు పెట్టిందో లేదో, వెనకనుంచి సన్నగా నవ్వు వినిపించింది.

తరువాత వంతెన. అక్కడా ఆగమంది. ఈసారి వెనక ఎవరో గుసగుసగా మాట్లాడుతున్నారు, మధ్యమధ్య జవాబుకోసం ఆగుతున్నారు.

"మామయ్యా, వెనక ఎక్కింది ఆవిడ ఒక్కతేగా?"

"ఒక్కతే."

"మరి ఎవరితో మాట్లాడుతోంది?"

"నువ్వు దారి చూడవే," అన్నాడు మామయ్య. ఫోన్ మళ్లీ ఎడమకే తిరగమంది. ఈ దారి చెబుతున్నది యాపా, పెట్టెలో ఉన్నాయనా అన్న అనుమానం పుట్టింది ఆమెకి. ఉద్యోగం సంగతి దేవుడెరుగు, ముందు బయటపడితే చాలనిపించింది. బడి గేటు దగ్గర కూడా ఆగాకే శ్మశానం దారి పట్టింది ఆ బండి.

ఆవిడ దిగి మామయ్య చెయ్యి పట్టుకుంది. "పొద్దున అడిగావు కదా అన్నయ్యా, ఆయన రోజూ ఎక్కడెక్కడ ఆగేవాడని. అన్నీ చూపించావు. ఆయనతో చెప్పుకోవాల్సినవి చెప్పేసుకున్నాను."

మేనకోడలు నోరెళ్లబెట్టింది. "నువ్వే పెట్టావా?"

"మధ్యలో ఆగే చోట్లు పెట్టుకోనిచ్చే యాప్ ఉచితంగా దొరకడం ఎంత కష్టమో నీకేం తెలుసు? ఇవాళ్టికి దొరికింది."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా."

"చెబితే యజమాని దగ్గర నువ్వు అబద్ధం ఆడాలి. నీకది చేతకాదు. తెలియకపోతే తిట్లు నాకే."

ఇంతలో యజమాని ఫోన్ రానే వచ్చింది. "ఎక్కడ తిరుగుతున్నారు? ఇంటావిడకి ఇవ్వు," అన్నాడు. ఉద్యోగం పోయిందనుకుంటూనే మేనకోడలు ఫోన్ అందించింది.

పెద్దావిడ కళ్లు తుడుచుకుని, గొంతు సవరించుకుంది.

"ఆలస్యం మావల్లే బాబూ. పిల్లనేమీ అనకండి. మా ఆయన ఏనాడూ దారిలో మూడు చోట్ల ఆగకుండా ఇల్లు చేరిందే లేదు."