మాస్టారు కాపలా కాసిన మిర్చి లారీ

కలకత్తా భవానీపూర్‌లో ఒక పాత ఇంటి కింది వాటాలో మా ఆఫీసు ఉండేది. ఆఫీసంటే ఒక పెద్ద గది, ఒక కంప్యూటరు, వచ్చినవాళ్ళు కూర్చోవడానికి పొడుగాటి బల్లలు. పై వాటాలో ఆయన ఒంటరిగా ఉండేవారు. ప్రతిపక్ష శాసనసభ్యుడు. అంతకుముందు చాలా ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పారు. అందుకని ఊరంతా ఆయన్ని మాస్టర్‌మొశాయ్ అనేది. మనం మాస్టారుగారూ అన్నట్టే. సభలో ఆయన మంత్రులను అడగబోయే ప్రశ్నలు టైపు చేయడం నా ఉద్యోగం.

మధ్యాహ్నం భోజనమయ్యాక ఆయన వసారాలో అటూ ఇటూ నడుస్తూ ప్రశ్నలు పైకి చెప్పేవారు. వీధంతా కునుకు తీసే వేళ అది. ఎదురింటి ఆకుపచ్చ కిటికీ రెక్కల మీద ఎండ నెమ్మదిగా పక్కకు జరుగుతుండేది. దూరంగా మెట్రో స్టేషన్ వైపు ఆటోల మోత, దగ్గర్లో ఎవరింట్లోనో కుళాయి చప్పుడు. వాటిలో ఆయన గొంతు కలిసిపోయేది. ఒక్కోసారి ఆయన అడుగుతున్నది ఆరోగ్యశాఖనా, ఆర్థికశాఖనా, లేక గాలినా అనిపించేది నాకు. జవాబులు కూడా గాలి నుంచి వచ్చినట్టే ఉండేవి. ‘సమాచారం సేకరిస్తున్నాము.’ ‘విషయం పరిశీలనలో ఉంది.’ ఆయన వాటిని చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ అదే ప్రశ్న ఇంకో రకంగా చెప్పేవారు.

ఆ చలికాలంలో సరిహద్దు దగ్గర సరుకు లారీలు వారాల తరబడి ఆగిపోతున్నాయని జనం వచ్చి చెప్పడం మొదలుపెట్టారు. బంగ్లాదేశ్‌కు వెళ్ళాల్సిన ఉల్లి, అల్లం, ఎండుమిర్చి రోడ్డు మీదే నిలిచిపోతున్నాయి. ఆగిన ప్రతిరోజుకూ పార్కింగ్ రుసుము కట్టాలి. ఆ డబ్బు ఏ పద్దులోకి పోతుందో ఎవరికీ తెలియదు.

“చూడకుండా అడగడం ఎందుకు, వెళ్ళి చూద్దాం” అన్నారు మాస్టారు. “దక్షిణాది లారీలు చాలా ఉన్నాయట. నువ్వు కూడా రా, మా.”

ఇక్కడ పెద్దవాళ్ళు ఆడపిల్లలను ‘మా’ అనే పిలుస్తారు, మనం అమ్మా అన్నట్టు.

ఆ మాట ఇంట్లో చెబితే మా అమ్మకు నచ్చలేదు. మేము వాట్‌గంజ్‌లో ఉండేవాళ్ళం. మా నాన్న రేవులో పనిచేసేవాడు, పోయాడు. అమ్మ ఒక ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైంది. పుట్టింది శ్రీకాకుళం వైపు. బతుకంతా కలకత్తాలో గడిచినా ఆమె నోటి తెలుగు మాత్రం ఆ సముద్రపొడ్డు దాటి రాలేదు.

“ఒలే, ఆ పెద్దాయనకి పనేటీ నేదు. నీకేటొచ్చింది?” అంది బియ్యం ఏరుతూ. “పెబుత్వాన్ని అడగడవేటి, అది సెప్పడవేటి?”

“చూసి వచ్చేస్తామే.”

“సరే ఎల్లు. సెవులకి మఫ్లరు కట్టుకో.”

తెల్లవారుతూనే బయల్దేరాం. ఊరు దాటగానే పొగమంచు మమ్మల్ని మింగేసింది. రోడ్డుకు అటూ ఇటూ ముసలి వృక్షాలు, పైన కొమ్మలు కలిసిపోయి, కారు ఏదో పొడుగాటి గదిలో నుంచి పోతున్నట్టుంది. డ్రైవరు నిదానంగా పోనిస్తున్నాడు. మాస్టారు కునికిపాట్లు పడుతున్నారు. ఎంత దూరం వచ్చామో, ఎంత ఉందో తెలియని ఆ తెల్లదనంలో ఉన్నట్టుండి లారీలు కనబడ్డాయి. ఇంజన్లు ఆపేసి, టార్పాలిన్లు కప్పుకుని, మంచులో పడుకున్న ఏనుగుల్లా ఉన్నాయి. ఆ బారుకు చివర కనబడలేదు. కారు దిగగానే ఎండుమిర్చి ఘాటు ముక్కుకు తగిలింది. మంచులో తడిసి ఆ ఘాటు కూడా మెత్తబడింది. తుమ్ము రాలేదు, కళ్ళు మాత్రం చెమర్చాయి.

మా పక్కనే ఉన్న లారీ ముందు అద్దం మీద తెలుగులో అమ్మవారి పేరు రాసి ఉంది. నేను దాన్ని పైకి చదివాను. తెలుగు చదవడం నాకు మా చర్చిలో పాటల పుస్తకం నేర్పింది. వీధిలో తెలుగక్షరం కనబడితే ఊరుకోలేను. నా గొంతు విని లోపల దుప్పటి కదిలింది.

“ఎవరమ్మా? తెలుగోళ్ళా?”

పెద్ద వయసు మనిషి. నెరిసిన గడ్డం, ఎర్రబడిన కళ్ళు. తలుపు తీయడానికే ఆయాసపడ్డాడు. ఒళ్ళు కాలిపోతోంది. పల్నాడు నుంచి మిర్చి తెచ్చాడు. క్లీనరుకు ఇంట్లో చావు కబురొస్తే పంపించేశాడు. అప్పటి నుంచి ఒక్కడే. జ్వరం వస్తూ పోతూ ఉందన్నాడు.

“ఆస్పత్రికి పోలేదా, పెద్దాయనా?”

“బండినిడిచి యాడికి బోతానమ్మా? వరస కదిలినప్పుడు బండి కదలకపోతే మళ్ళీ చివర్న బెడతారు.”

మాస్టారికి నేను బెంగాలీలో చెప్పాను. ఆయన వెనక లారీ వాళ్ళతో మాట్లాడి, ఒకర్ని చూస్తూ ఉండమని, మా కారులో ఆ ముసలాయన్ని దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. కొత్త భవనం. గోడల రంగు వాసన ఇంకా పోలేదు. బయట బెంచీల మీద జనం శాలువాలు కప్పుకుని నిశ్శబ్దంగా కూర్చున్నారు, ఎంతసేపటి నుంచి ఉన్నారో తెలియదు. లోపల ఒక్క సిస్టర్ ఉంది. డాక్టరు వారంలో కొన్ని రోజులే వస్తారని, ఈరోజు ఆ రోజు కాదని చెప్పింది. ఇచ్చింది జ్వరం బిళ్ళ.

“రక్తం పరీక్ష చేయరా?” అని అడిగారు మాస్టారు.

ఆమె మమ్మల్ని పక్క గదిలోకి తీసుకువెళ్ళింది. అక్కడ పరీక్ష యంత్రం ఉంది. వచ్చిన రోజున చుట్టిన ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది.

“యంత్రానికి డబ్బు మంజూరైంది, దాన్ని నడిపే మనిషికి కాలేదు” అంది సిస్టర్. కోపం లేదు ఆమె గొంతులో, అలసట కూడా లేదు. వాన పడుతోంది అన్నట్టుగా అంది.

మాస్టారు ఆ కవరు మీద దుమ్మును వేలితో తుడిచారు.

కలకత్తా తీసుకువెళ్దామంటే ముసలాయన ఒప్పుకోలేదు. “బండి, బండి” అంటాడు. సరుకు యజమానికి ఫోన్ చేస్తే ఇంకో డ్రైవరును పంపుతానన్నాడు కానీ అక్కణ్ణుంచి రావడానికి టైం పడుతుంది. లారీల బారు దగ్గరికి తిరిగి వచ్చాక మాస్టారు నాతో అన్నారు, “ఆయన్ని నువ్వు తీసుకెళ్ళు, మా. ఆ డ్రైవరు వచ్చేదాకా బండిలో నేను కూర్చుంటాను.”

నేను ఆయన మొహంలోకి చూశాను. వేళాకోళం కాదు.

“మీకు లారీ నడపడం రాదు కదా?”

“వరస కదిలితే వెనకవాళ్ళు నడుపుతామన్నారు. బండిలో మనిషి ఉంటే చాలట.”

ముసలాయనకు ఆ మాట తెలుగులో చెప్పాను. ఆయన మాస్టారి పంచెను, ఉన్ని చొక్కాను, కాళ్ళకున్న చెప్పులను చూశాడు. “ఈయన ఎమ్మెల్యే అంటివే” అన్నాడు. అవునన్నాను. “మరి ఈయనకేందమ్మా ఈ కర్మ?” అని తాళంచెవులు ఆయన చేతిలో పెట్టాడు.

కారు కదులుతుంటే వెనక్కి చూశాను. అద్దం వెనక మాస్టారు మఫ్లరు చుట్టుకుని నిటారుగా కూర్చున్నారు, పరీక్ష హాలులో కూర్చున్నట్టు. మంచు ఆ లారీని మెల్లగా చెరిపేసింది.

ముసలాయనకు మలేరియా. ఏక్‌బాల్‌పూర్‌లో ఒక నర్సింగ్ హోంలో మంచం దొరికింది. అమ్మకు అక్కడి ఆయాలందరూ తెలుసు. జ్వరం తగ్గాక, రైలెక్కే ఓపిక వచ్చేదాకా మా ఇంట్లోనే ఉండమంది అమ్మ. నన్ను వెళ్ళొద్దన్నదీ ఆమే, ఆయనకు ఇంట్లో చోటిచ్చిందీ ఆమే. ఆయన మా డాబా మీద నులక కుర్చీలో కూర్చుని రేవు వైపు చూసేవాడు. క్రేన్లు ఆకాశంలో నిదానంగా తిరుగుతుంటే, ఒక్కోటీ ఏం ఎత్తుతుందో, ఎక్కడ దించుతుందో అని చూస్తూ చూస్తూ నిద్రపోయేవాడు. లేచాక అమ్మతో తగువు. ఆమె కూరలో కారం లేదంటాడు.

“ఏటి, జొరం మనిసికి కారవేటి?” అనేది అమ్మ.

“కారం తిననందుకే వచ్చిందక్కా జ్వరం.”

అక్కడ మాస్టారు రెండు రోజులు లారీలో ఉన్నారు. కొత్త డ్రైవరు రాగానే తాళాలిచ్చి బస్సులో తిరిగి వచ్చారు. పత్రికలవాళ్ళకు చెప్పవద్దన్నారు. ఆయన ఉన్ని చొక్కాను చాకలికి ఎన్నిసార్లు వేసినా మిర్చి వాసన పోలేదు. వచ్చిన రోజు వసారాలో నడవకుండా నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

“ఇన్నాళ్ళూ ఆరోగ్యం ఒక రోజు, ఆర్థికం ఒక రోజు, సరిహద్దు వ్యాపారం ఒక రోజు అడిగాను” అన్నారు. “అవి మూడూ ఆ రోడ్డు మీద పక్కపక్కనే ఉన్నాయి, మా. ఈసారి కలిపి రాయి.”

ఆ ప్రశ్న వచ్చిన రోజు నేను సందర్శకుల గ్యాలరీలో కూర్చున్నాను. పైన ఫ్యాన్లు తిరుగుతున్నాయి, కింద సభ్యులు కొందరు జోగుతున్నారు. సరిహద్దు దగ్గర వసూలవుతున్న పార్కింగ్ డబ్బు ఎక్కడికి పోతోంది, దాని పక్కనే ఉన్న ఆసుపత్రిలో యంత్రం నడపడానికి మనిషిని ఎందుకు వేయలేదు, రోగం వచ్చిన డ్రైవరు ఏం చేయాలి అని అడిగారు మాస్టారు. మంత్రి లేచి, లారీల రాకపోకలు సజావుగా ఉన్నాయన్నారు.

“నేను అక్కడ లారీలో కూర్చున్నాను” అన్నారు మాస్టారు. “అది కదలలేదు.”

అటువైపు ఎవరో నవ్వారు. “ఏం సరుకు తీసుకెళ్తున్నారు, మాస్టర్‌మొశాయ్?”

“మిర్చి. మీ దాకా రాలేదా ఘాటు?”

ఈసారి రెండు వైపులా నవ్వారు. నవ్వు ఆగాక ఆయన నెమ్మదిగా, వసారాలో నడుస్తూ చెప్పే గొంతుతోనే, ఆ ముసలాయన సంగతి చెప్పారు. తాళాలు చేతిలో పెట్టడం, బెంచీల మీద శాలువాలు, ప్లాస్టిక్ కవరు. జోగుతున్నవాళ్ళు తలలెత్తారు. మంత్రి కూడా కాగితాలు సర్దుకోకుండా విన్నారు. చివరికి, “విషయం పరిశీలిస్తాం” అన్నారు.

బయటికి వచ్చి మైదానం వైపు నడిచాం. సాయంకాలపు ఎండ గడ్డి మీద పలచగా పరుచుకుని ఉంది. గొర్రెలు మేస్తున్నాయి. జవాబును మీ భాషలో ఏమంటారని అడిగారు ఆయన. బెంగాలీలో దాన్ని ‘ఉత్తర్’ అంటారు.

“జవాబనే అంటాం. ఉత్తరమంటే మాకు పోస్టులో వచ్చేది.”

“అయితే మీ ఉత్తరమే నయం” అన్నారు. “ఆలస్యమైనా చేరుతుంది.”

ఆ ఆసుపత్రికి మనిషిని వేశారని వానాకాలంలో తెలిసింది. సిస్టరే ఫోన్ చేసి చెప్పింది. మా ప్రశ్న వల్లనా, మామూలుగా వచ్చిందా, ఎవరూ చెప్పలేదు. లారీల బారు కొంత తగ్గింది, పోలేదు. పల్నాటి పెద్దాయన బెంగాల్ లైను మానేసి దగ్గరి ట్రిప్పులకు మారాడు. అమ్మతో అప్పుడప్పుడూ ఫోన్లో మాట్లాడతాడు, ఇద్దరూ ఒకరి ఆరోగ్యం ఒకరు అడుగుతారు, ఎవరూ నిజం చెప్పరు.

తర్వాత ఎన్నికల్లో మాస్టారు ఓడిపోయారు. ఫలితం వచ్చిన మధ్యాహ్నం ఆఫీసు గదిలో మేమిద్దరమే ఉన్నాం. బయట పెద్ద వాన, వీధిలో మోకాలి లోతు నీళ్ళు, గెలిచినవాళ్ళ ఊరేగింపు కూడా ఎక్కడో ఆగిపోయినట్టుంది. ఆయన టీవీ కట్టేసి, కాళ్ళు బల్ల మీద పెట్టుకుని, వానను చూస్తూ కూర్చున్నారు. బాధగా ఉందా అని అడగాలనుకున్నాను. అడిగేలోపే నిద్రపోయారు. నేను కిటికీ వేసి, ఆయన లేచేదాకా అక్కడే కూర్చున్నాను.