ఆరు గజాల చీరకు తోలు ఒర

1983 ఆగస్టులో మొదటి శనివారం, పొద్దున పదకొండుంబావు. టైము ఇంత కచ్చితంగా ఎందుకు చెప్పగలుగుతున్నానంటే, అప్పటికి నాకు చదవడం వచ్చిన రాత గడియారం మీద అంకెలొక్కటే. అక్షరాలు నలభై దాటాక వచ్చాయి, మా తెలుగు చర్చి బేస్‌మెంట్‌లో పాస్టరమ్మగారు దిద్దిస్తే (పక్కన కూచున్న ఏడేళ్ళ పిల్లలు "ఆంటీ, యూ ఫర్గాట్ ద దీర్ఘం" అని నా తప్పులు దిద్దేవాళ్ళు). ఆ రోజుల్లో అట్లాంటా శివార్లలో మనవాళ్ళు ఎంతమందని. చీర కట్టుకుని పాలడబ్బా కొనడానికి వెళ్ళినా, ఎవరి పెళ్ళికి అని అడిగేవాళ్ళు. నాదప్పుడు భయం తక్కువ, సిగ్గు ఎక్కువ ఉన్న వయసు. ఇప్పుడు రెండూ లేవు. అందుకే ఇది రాయగలుగుతున్నాను.

మా అక్క ఆసుపత్రిలో నర్సు. కాగితాలు పెట్టి నన్ను అమెరికా పిలిపించుకుంది తనే. బావ ఇంజనీరు ఉద్యోగం మానేసి ఒక గ్యాస్ స్టేషనూ, దాన్ని అంటుకుని ఉన్న చిన్న కొట్టూ కొన్నాడు. ఆ కొట్లో కౌంటర్ నాది. మా ఊళ్ళో బడికి పంపితే గోడదూకి పారిపోయినదాన్ని, ఇక్కడ నా సొంత స్టూలు మీద కూచుని గల్లాపెట్టె టింగుమనిపిస్తుంటే నా అంతటి దొరసాని లేదనిపించేది. ఇంగ్లీషు బావే నేర్పాడు. ఎవరైనా వచ్చి కౌంటర్ మీద వస్తువు పెట్టగానే "ఎనీథింగ్ ఎల్స్?" అనాలి, అంతే. అనేసరికి మనిషి మొహమాటపడి ఒక చూయింగ్ గమ్మో, ఒక చాక్లెట్టో తీసి పెడతాడు. ఆ రెండు మాటలతో నేను చుట్టుపక్కల జనం పళ్ళన్నీ పాడుచేశాను. నిద్దట్లో కూడా అదే కలవరిస్తున్నావని అక్క విసుక్కునేది.

అంతలో మా పక్కవీధి కొట్లో ఎవడో తుపాకీ చూపించి గల్లా ఊడ్చుకుపోయాడు. అక్క ఆ సాయంత్రమే తీర్పు చెప్పేసింది. కౌంటర్లో ఒంటరిగా కూచోవాలంటే నడుముకి పిస్తోలు ఉండాలి. లేకపోతే చికాగో నుంచి బావ పినతండ్రి కొడుకు వచ్చి నా స్టూలు ఎక్కుతాడు, నేను ఇంట్లో అక్క పిల్లల ముక్కులు తుడుస్తూ టీవీ చూస్తూ పడుండాలి. (టీవీలో వాళ్ళు చెప్పేది నాకు అర్థమయ్యేది కాదు, నేను చెప్పేది పిల్లలకి అర్థమయ్యేది కాదు.) దాంతో, ఇక్కడ పిస్తోలు లైసెన్సులిచ్చే జడ్జి ఆఫీసుకి వెళ్ళి దరఖాస్తు పెట్టాం. మా ఊళ్ళో ఒక్క బొటనవేలు ముద్ర వేస్తేనే చదువురాని మొద్దని నవ్వేవాళ్ళు. ఇక్కడ పది వేళ్ళూ వేయించారు, నా వెనకాల నిలబడ్డ కోటూ టై పెద్దమనిషి చేత కూడా. బావ ఒక బుజ్జి పిస్తోలు కొన్నాడు. మా అమ్మమ్మ అడకత్తెర కన్నా కాస్త పెద్దది, బరువు మాత్రం పచ్చడి బండంత. ఖాళీ డబ్బాలు పెట్టి కొట్టిస్తే గురి బాగానే కుదిరింది (మామిడికాయల్ని రాళ్ళతో కొట్టిన చెయ్యి, ఎక్కడికి పోతుంది). ఇక మిగిలింది ఒర. కత్తికి ఉన్నట్టే పిస్తోలుకీ తోలు ఒర ఉంటుంది కదా. అది ఎవరికీ కనపడకూడదు, రోజంతా మోసినా ఒంటికి గుచ్చుకోకూడదు. ఆ శనివారం అది కుదరకపోతే సోమవారం నుంచి స్టూలు చికాగో వాడిదే.

మేం ముగ్గురం వెళ్ళిన కొట్లో ఒరలు అమ్మే ముసలాయనకి మేం పెట్టుకున్న పేరు తోలుతాత. తెల్లగడ్డం, బుగ్గన పొగాకు, ఉమ్మడానికి చేతిలో డబ్బా. చెవులు తుపాకుల మోతకి సగం పోయాయి. పిస్తోలు ఖాళీదని ముందు తను చూసుకుని, మా అక్కకి కూడా చూపించి, నాకు ఒకే ఒక్క రూలు చెప్పాడు. ఖాళీదైనా సరే, దాని మూతి మనిషి వైపు తిరగకూడదు. అక్క తర్జుమా చేసింది, నేను తలూపాను. ఆ తర్వాత ఆయన నన్ను కిందనుంచి పైదాకా చూసి, బెల్టు ఏదన్నాడు. లేదన్నాం. జేబు? అదీ లేదు. మరి ఈ గుడ్డంతా దేనిమీద నిలబడుతోందని అడిగాడు పాపం. "బొందు మీద," అన్నాడు బావ తెలుగులో, గోడ మీద తగిలించిన దుప్పి తలకేసి చూస్తూ. పేంటు వేసుకుంటే ఈ గొడవే ఉండదు కదే అని అక్క గొణిగింది. పేంటు వేసుకుంటే నాకు కాళ్ళు రెండున్నాయని లోకానికంతా తెలిసిపోతుందని నా సిగ్గు.

మొదట బెల్టు ఒర. చీరమీద బావ బెల్టు బిగించి దానికి వేలాడదీశారు. "టికెట్, టికెట్ అను మరదలా," అన్నాడు బావ. అద్దంలో చూసుకుంటే నిజంగానే బస్సు కండక్టర్‌లా ఉన్నాను, దాచుకోవాల్సిన పిస్తోలు వీధి చివరికి కనపడుతోంది. తర్వాత నడుము లోపలికి దోపి క్లిప్పు తగిలించేది. క్లిప్పు తగిలించడానికి నా దగ్గరున్నది లంగా బొందే. రెండడుగులు వేశానో లేదో, పచ్చడి బండ బరువుకి లంగా కుడివైపు దిగడం మొదలెట్టింది. నేను కదలనంటే కదలనని అక్కడే కొయ్యబారిపోయాను. తర్వాత చంక కింద పట్టీలతో కట్టేది. అది పైట కింద ఎంత బాగా దాగిందంటే తోలుతాత చప్పట్లు కొట్టాడు. కాకపోతే పిస్తోలు తియ్యాలంటే ముందు పైట తియ్యాలి. ఈ సంగతి ఆయనకి చెప్పడానికి అక్కకి ఇంగ్లీషు చాల్లేదు, బావకి తెలుగులో కూడా నోరు పెగల్లేదు. చివరికి కాలి మడమ పైన కట్టుకునేది. అది నా వెండి కాలిపట్టీ మీద కూచుని అడుగడుక్కీ ఘల్లుమంది.

"దొంగొచ్చినప్పుడల్లా చీరెత్తాలా బావా?"

"ఎత్తితే వాడే పారిపోతాడులే మరదలా."

అక్క హ్యాండ్‌బ్యాగ్‌తో బావ వీపుమీద ఒకటి వేసింది.

చికాగో వాడు నా స్టూలు మీద కాళ్ళూపుకుంటూ కూచున్నట్టు నాకు కళ్ళకి కట్టింది. ఒళ్ళు మండి, ఆ పిస్తోలు తీసి రొండిన, నడుము దగ్గర చీర మడతలో, దోపుకున్నాను. మా అమ్మమ్మ వక్కాకు సంచీ, అడకత్తెర, ఇంటి తాళాలు అన్నీ రొండినే దోపుకుని నాట్లకి వెళ్ళొచ్చేది, ఒక్కటీ జారేది కాదు. ఇదీ జారలేదు. వంగాను, లేచాను, గొంతుక్కూచున్నాను. ఊహూ, కదల్లేదు. తోలుతాత తెల్లబోయాడు గాని, తల మాత్రం అడ్డంగానే ఊపాడు. ట్రిగ్గర్ మీద తోలు లేకుండా ఎవరూ తన గడప దాటకూడదట, గుడ్డలో నలిగి పేలితే పోయేది నా తొడేనట. లోపలికి వెళ్ళి, జేబులో పెట్టుకునేవాళ్ళ కోసం కుట్టిన చిన్న తొడుగు ఒకటి తెచ్చాడు. క్లిప్పూ లేదు, పట్టీ లేదు. గరుకు తోలు కాబట్టి గుడ్డని పట్టుకుందంటే వదలదన్నాడు. (ఆ మాట అప్పుడే చెవినేసుకోవాల్సింది.) తొడుగుతో సహా రొండిన దోపితే, పిల్లి పడుకున్నట్టు మెత్తగా పడుకుంది. స్టూలు మళ్ళీ నాదే అనుకున్నాను.

మొయ్యడం అయింది, ఇప్పుడు తియ్యడం చూపించమన్నాడు తోలుతాత. నన్ను చెక్క కౌంటర్ వెనక నిలబెట్టి, తను అవతలికి వెళ్ళి దొంగవేషం కట్టాడు. పిస్తోలు తీసి పైకప్పుకేసి పట్టుకోమని ముందే చెప్పి, వేలు చాపి నన్ను గద్దించాడు. నేను రొండిలో చెయ్యి పెట్టి ఒక్క లాగు లాగాను. పిస్తోలు వచ్చింది. దాంతోపాటు తొడుగు వచ్చింది. తొడుగుని పట్టుకుని కుచ్చిళ్ళు వచ్చాయి. ఆ రోజు కట్టుకున్నది జారిపోయే నైలెక్స్ చీర, దానికి ఒక్క మడత దారి చూపిస్తే చాలు, మిగతావన్నీ దాని వెంట పోతాయి. తొడుగూ కుచ్చిళ్ళూ కలిసి నా పాదాల మీద పడ్డాయి. తోలుతాత పెద్దమనిషి, గిరుక్కున తిరిగి మొహం గోడకి పెట్టేశాడు. బావ ఎదుటి గోడకి నుదురానించి, నవ్వు ఆపుకోలేక రెండు చేతులూ తలమీద పెట్టుకున్నాడు. అక్క కౌంటర్ కింద చతికిలబడి కుచ్చిళ్ళు ఏరడం మొదలెట్టింది. నేను రూలు మాత్రం తప్పలేదు. పిస్తోలు మూతి కప్పుకేసి, ఎడంచేత్తో బొందు పట్టుకుని, నిటారుగా నిలబడ్డాను.

అప్పుడు తలుపు గంట మోగింది. టోపీ పెట్టుకున్న తాటిచెట్టంత మనిషి లోపలికి వచ్చాడు. ఆయనకి కనపడింది ఇంతే. గోడలకి మొహాలు పెట్టుకున్న ఇద్దరు మగాళ్ళు, కౌంటర్ వెనక పిస్తోలు ఎత్తిపట్టుకున్న ఒక ఆడమనిషి. రెండు చేతులూ పైకెత్తేశాడు. తర్వాత ఒక చెయ్యి మెల్లగా దించి, వాలెట్ తీసి నా ముందు పెట్టాడు. కౌంటర్ మీద వస్తువు పడిందంటే నా నోరు నా మాట వినదు.

"ఎనీథింగ్ ఎల్స్?" అన్నాను.

ఆయన వాచీ విప్పి పెట్టాడు. నేను థాంక్యూ చెప్పి, అలవాటుకొద్దీ మళ్ళీ అదే అన్నాను. కారు తాళాలు పెట్టాడు. మూడోసారి కూడా అనేదాన్నే గాని, ఆయన వేలి ఉంగరం వంక చూసుకుని ఏడుపుమొహం పెట్టాడు. అంతలో కౌంటర్ కిందనుంచి అక్క నవ్వు మొదలైంది. మనిషి లేకుండా చెక్క నవ్వేసరికి ఆయన ఉన్న కాస్త రంగూ పోయింది. ఆ నవ్వు తోలుతాత చెవులకి కూడా చేరి, గోడకేసి చూస్తూనే కేకేశాడు: అమ్మాయి బట్టలు సర్దుకుంటోంది, చేతులు దించుకుని నువ్వూ గోడకి తిరుగు. తాటిచెట్టాయన బుద్ధిగా మూడో గోడకి తిరిగాడు.

కుచ్చిళ్ళు దోపడం అయ్యాక అక్క కళ్ళు తుడుచుకుంటూ లేచింది. "ఏమండీ, ఆ చికాగో అబ్బాయిని రావద్దని చెప్పండి. చీర ఊడిపోయినా దీని చెయ్యి వణకలేదు, పిస్తోలు కింద పడెయ్యలేదు, బేరం కూడా ఆపలేదు. దీన్ని ఇంట్లో కూచోబెడితే నా పిల్లల్ని అమ్మేస్తుంది," అంది. పిస్తోలు ఒంటిమీద అక్కర్లేదని, కౌంటర్ కింద తాళం వేసే అరలో ఉంటే చాలని కూడా తనే తేల్చేసింది. నేను కొట్లో ఉన్నన్నాళ్ళూ అది నూనె రాయడానికి తప్ప బయటికి రాలేదు. తాటిచెట్టాయన వాచీ పెట్టుకుని, తాళాలు తీసుకుని, వాలెట్ ఎలాగూ బయటికొచ్చింది కదా అని ఆ తొడుగు ఖరీదు తనే ఇచ్చి నా చేతిలో పెట్టాడు.

ఆ తొడుగు ఇప్పటికీ నా దగ్గరుంది. అందులో నా చదువుకునే కళ్ళజోడు సరిగ్గా పడుతుంది. మోకాళ్ళ డాక్టరు చెప్పాడని ఇప్పుడు పేంట్లే వేస్తున్నాను. రొండి అన్నదే లేదు, అది హ్యాండ్‌బ్యాగ్‌లో పడి దొర్లుతుంటుంది. ఈ నాలుగు పేజీలు రాయడానికి నా చెయ్యి ఎంత వణికిందో పాస్టరమ్మగారు చూస్తే నవ్వుతుంది. ఆ కౌంటర్ వెనక నిలబడ్డ పిల్ల చెయ్యి అప్పుడు అంత నిబ్బరంగా ఎలా నిలిచిందో! ఎక్కడైనా ఎదురుపడిందంటే నేనూ మారుమాట్లాడకుండా వాచీ విప్పి ఇచ్చేస్తాను.

ఆ రోజు అక్కడున్నది అక్క, బావ, తోలుతాత, తాటిచెట్టాయన, నేను. బావా తోలుతాతా ఇప్పుడు లేరు, తాటిచెట్టాయన సంగతి తెలియదు. అక్క మాత్రం ఫోన్ పెట్టేసేముందు ప్రతిసారీ "ఎనీథింగ్ ఎల్స్?" అంటుంది. ఉంది. గోడ మీద ఆ దుప్పి తల. అందరిలోకీ మొహం తిప్పుకోనిది అదొక్కటే.