విమానం కాళ్ల బేరం

లేత్ మిషన్ కొనాలని నేనెన్నడూ అనుకోలేదు. ధర అడగాలనుకున్నాను, అంతే.

అంగడికి స్టీలు సామాను తేవడానికి బెంగళూరు పోయిన రోజది. హోల్‌సేల్ వీధి వెనక సందులో ఒకాయన తన వర్క్‌షాపు మూసేస్తూ సామానంతా బయట పెట్టి అమ్ముతున్నాడు. అందులో ఇదొకటి. కుట్టుమిషన్ కంటే కాస్త పెద్దది. ఇంట్లో బల్ల మీద బిగించుకుని, ఇనుప కడ్డీనో అల్యూమినియం ముక్కనో గిర్రున తిప్పుతూ సరదాకు చెక్కుకునే రకం. ఆయనొక ధర చెప్పాడు. పావగడ బజారులో పుట్టిన దానికి ధర చెవిన పడ్డాక ఊరుకోవడం చేతకాదు. మూడో వంతుకు అడిగాను. అడిగి, తిడతాడేమోనని రెండడుగులు వెనక్కి కూడా వేశాను.

"తగొండు హోగమ్మా," అన్నాడాయన. తీసుకుపొమ్మని.

అడిగిన మొదటి ధరకే అవతలివాడు ఒప్పుకున్నాడంటే మునిగింది మనమేనని మా ఇంట్లో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. కానీ అడిగిన ధరకు ఇస్తానన్నాక కొనకుండా వచ్చేస్తే బజారులో తలెత్తుకోలేం. ఆ సందులో నా తలకాయ తెలిసినవాడు ఒక్కడూ లేడు. అయినా కొన్నాను. స్టీలు బిందెలతో పాటు దాన్నీ బస్సు డిక్కీలోకి ఎక్కించి, లగేజీ గురించి కండక్టరుతో ఇంకో బేరం ఆడి, ఊరు చేరాను.

మా నాయన దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసినాడు.

"ఏమ్మే, ఇది ఏం వండుతాది?"

"వండదు నాయనా. చెక్కుతాది."

"ఏం చెక్కుతాది?"

"ఏదైనా చెక్కుతాది."

"ఏదైనా అమ్ముతాననేవాడు ఏదీ అమ్మడు," అని గల్లా దగ్గరికి పోయి కూర్చున్నాడు.

మాది కొండ కింద బజారులో పాత్రల అంగడి. వెనక గదిలో పాత ఇత్తడి సామాను ఒక పక్కకు తోసి లేత్ పెట్టాను. ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్నాను. చీర కొంగును మిషన్ లాక్కుంటుందని మా ఆయన పాత చొక్కా పైన తొడుక్కునేదాన్ని. మూతలకు గుబ్బలు చేశాను, బీరువాలకు పిడులు చేశాను. ఎవరూ అడగకపోయినా చేశాను. కొన్నందుకు ఏదో ఒకటి చెయ్యాలి కదా.

అప్పుడొచ్చినాడు సార్. అరవై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులూ చిన్న టార్చీ. టిఫిన్ క్యారియర్ కోసం వచ్చి, ఒక్కో గిన్నె మూతా తెరిచి మూసి, పెళ్లిచూపులకు వచ్చినట్టు చూశాడు. అంతలో వెనక గదిలోంచి సద్దు వినబడింది. లేత్‌ను ఆపకుండా వచ్చేశాను నేను.

"వెనక తిరుగుతా ఉండేది లేతా?" అన్నాడు. క్యారియర్ అక్కడే వదిలేసి లోపలికి వచ్చేశాడు.

ఆయన ముప్పై ఏండ్లు విమానాల రిపేరీలో పనిచేసి వచ్చిన మనిషి. ఇప్పుడు వల్లూరు సోలార్ పార్కులో ఉద్యోగం. ఒకప్పుడు శెనక్కాయ పండిన నేలలో ఇప్పుడు అద్దాలు నిలబడి ఉన్నాయి కదా, వాటికి రోజూ ముఖాలు కడిగించే కూలీల మీద సూపర్‌వైజరు. అద్దె గదిలో ఒక్కడే ఉంటూ మూడేండ్లుగా ఒక విమానం కడుతున్నాడు. తను రిపేరు చేసిన రెండు సీట్ల పాత విమానానికి సరిగ్గా ఐదో వంతు. చెక్క, గుడ్డ, బ్యాటరీ మోటారు, చేతిలో రిమోటు. అన్నీ అయిపోయినాయి, కాళ్లు తప్ప. కొనడానికి దొరికే కాళ్లు దాని కొలతకు సరిపోవు. తనే చేసుకుందామంటే చేతులు వణుకుతాయి.

"కాళ్లు లేక అది నా మంచం మీద బోర్లా పడుకోనుండాదమ్మా. నేను కింద పడుకుంటా ఉండా."

నెలాఖరుకు ఆయన ఉద్యోగం ముగుస్తుంది. తర్వాత బెంగళూరులో కూతురి ఫ్లాటుకు పోవాలి. అక్కడ ఒక రెక్క విప్పితే టీవీకి తగులుతుంది, ఇంకో రెక్క విప్పితే అల్లుడికి. ఎగరాలంటే ఈ నెలలోనే, ఈడనే ఎగరాలి. తన చక్రాల మీద తను పరిగెత్తి ఎగిరి, తన చక్రాల మీద దిగాలి. ఒక్కసారి చాలు.

"రెండు కాళ్లే కదా సార్. వారంలో చేసిస్తా," అన్నాను. అంతవరకు నేను చేసిన గొప్ప వస్తువు కుక్కర్ మూత గుబ్బ.

ధర దగ్గర ఆయన నన్ను పెద్దగా కష్టపెట్టలేదు. కొంచెం తగ్గించమన్నాడు, కొంచెం తగ్గించాను. ఈయనకు బేరం రాదు పాపం అనుకున్నాను.

ఆ కాలు చూడటానికి స్కూటరు ముందు ఫోర్కులా ఉంటుంది. పైన అల్యూమినియం గొట్టం, దాని లోపల స్ప్రింగు మీద పైకీ కిందికీ జారే స్టీలు కడ్డీ, కడ్డీ చివర చక్రం. కడ్డీ గొట్టంలో బిగుసుకోకూడదు, ఊగకూడదు. ఆయన గీసిచ్చిన బొమ్మలో ప్రతి గీతకూ ఒక అంకె ఉంది. మా అంగట్లో కొలత అనేది ఒక అభిప్రాయం. మా తాత బెల్లం అమ్మేవాడు. తూచినదాని పైన చిటికెడు కొసరు వెయ్యనిదే గిరాకి మెట్టు దిగేవాడు కాదంట. పాత్రలు అమ్మే మేము బిందె కొంటే గరిటె కలుపుతాం. అట్లాంటి ఇంట్లో పుట్టి, పెద్దమనిషికి గీసిన గీతకు సరిగ్గా ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు. కడ్డీలు రెండూ కాస్త లావుగా ఉంచాను.

"కొంచెం ఎక్కువే ఉండాది సార్, మీ కోసమని," అన్నాను, చేతికిస్తూ.

ఆయన కడ్డీని గొట్టం మూతి దగ్గర పెట్టి తోశాడు. పోలేదు.

"ఎక్కువ ఎవరడిగినారమ్మా నిన్ను?"

"కొసరు సార్."

"కొసరు గడప దాటనంటా ఉండాది, చూడు." జేబులోంచి చిన్న పెట్టె తీసి, అందులోంచి మైక్రోమీటరు తీసి కొలిచాడు. "మిల్లీమీటరును నూరు భాగాలు చెయ్యి. అందులో రెండు భాగాలకు మించి తేడా రాకూడదు."

"ఐదు చేసుకోండి సార్."

"ఏంది?"

"ఐదు భాగాలు. మొదటిసారి కదా."

"ఇది బేరం కాదమ్మా, డ్రాయింగు."

"సరే, నాలుగు."

"రెండు."

"మీ మాటొద్దు, నా మాటొద్దు. మూడు."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "నన్ను కాదు, ఆ కడ్డీనడుగు. అది ఒప్పుకుంటే నాకేం అభ్యంతరం లేదు."

అడిగాను. ఒప్పుకోలేదు. లావుగా ఉన్నది చెక్కితే సన్నబడుతుందనే ధైర్యంతో, ఈసారి కసిగా చెక్కాను. గొట్టంలో వేస్తే గుడిగంటలో నాలుకలా ఊగింది. ఆయన రెండు చెవుల దగ్గరా ఊపి విన్నాడు.

"మొదట కొసరు, తర్వాత కోత. మీ ఇంట్లో నడిమధ్యన ఏమీ ఉండదా?"

"నడిమధ్యన లాభం ఉంటాదప్పా!" అని గల్లా దగ్గర్నుంచి మా నాయన కేక.

ఆ తర్వాత రెండు ఆదివారాలు ఆయనే వచ్చి, బోర్లించిన బిందె మీద కూర్చుని, నా చేత చేయించాడు. చెక్కిన వెంటనే వేడి మీద కొలవకూడదు, వేడికి ఇనుము ఉబ్బి అబద్ధం చెబుతుంది, చల్లారనివ్వాలి. చివరి కోత తల దువ్వినంత తేలిగ్గా ఉండాలి. ఇంకొకటి, అన్నిటికంటే గట్టిగా చెప్పింది: లావు కడ్డీ సన్నబడే చోట మెట్టు వస్తుంది కదా, ఆ మూల గుండ్రంగా తిరగాలి. అక్కడ సన్న గీత పడినా చాలు, విరగడం అక్కడే మొదలవుతుంది.

"విమానం కాలు నడుమ విరగదమ్మా. మూలలో విరుగుతాది."

మొదటి కాలు కుదిరింది. గొట్టం నిలబెట్టి, చుక్క నూనె వేసి కడ్డీ వదిలితే, తన బరువుకు తనే మెల్లగా దిగింది, బావిలోకి చేంతాడు దిగినట్టు. పదిసార్లు దింపి చూసుకున్నాను. నా తాళిబొట్టును కూడా అన్నిసార్లు చూసుకోలేదు.

రెండోది చేసే వారం ఆయన రాలేకపోయినాడు. దుమ్ముగాలి లేచి, వల్లూరులో అద్దాలన్నీ మళ్లీ కడగాల్సి వచ్చింది. ఆదివారం ఎగరెయ్యాలి, సోమవారం గది ఖాళీ. శనివారం మధ్యాహ్నం నేనొక్కదాన్నే కూర్చుని చేశాను. కొలత సరిగ్గా వచ్చింది, వెంట్రుకంత తేడా కూడా లేదు. కానీ చెక్కే ఉలి కొన కాస్త పెచ్చు ఊడినట్టుంది, నేను చూసుకోలేదు. మెట్టు మూలలో సన్నగా ఒక గీత పడింది. మళ్లీ చేద్దామంటే ఆయన తెచ్చిచ్చిన స్టీలు మిగల్లేదు. నా కొసరుకూ కోతకూ అయిపోయింది. ఉప్పుకాగితం పెట్టి రుద్దాను. గీత కంటికి కనపడకుండా పోయింది. పోయింది కంటికి మాత్రమే.

సొట్ట పడిన బిందెను అమ్మడం నాకు ఐదో తరగతిలోనే వచ్చు. సొట్టను గోడ వైపు తిప్పి, గిరాకిని వాళ్ల పిల్లల చదువు గురించి అడగాలి. సాయంత్రం సార్ వచ్చి మైక్రోమీటరు పెట్టి కొలుస్తుంటే, మనవరాలు ఏ స్కూలు సార్ అని అడిగాను. ఏ స్కూలో, ఫీజెంతో, బస్సెక్కడ ఆగుతుందో అంతా చెప్పి, "సెబాసమ్మా, రెండూ కవల పిల్లల్లా ఉండాయి. డబ్బులు రేపు ఎగిరినాక," అని తీసుకుపోయినాడు.

ఆదివారం తెల్లవారి ఆరున్నరకు, స్కూటీ మీద మా నాయనను ఎక్కించుకుని పోయినాను. అది ఏం వండుతుందో చూస్తానని ఆయనే బయల్దేరినాడు. వల్లూరు దాటినాక, ప్యానెళ్లు వేద్దామని చదును చేసి ఎందుకో వదిలేసిన పొలం ఒకటుంది. రోకలి బండ దొర్లించినట్టు నున్నగా ఉంటుంది. సార్ అప్పటికే రెక్కలు బిగిస్తున్నాడు. పసుపు పచ్చ విమానం. నేను చేసిన కాళ్ల మీద నిలబడి, ముక్కు పైకెత్తుకుని చూస్తోంది. ఆయన దాని వీపు మీద చెయ్యి వేసి నిమిరాడు.

నిన్న నేను రుద్దిన కాలు కుడి పక్కన బిగించి ఉంది.

"సార్, కుడి కాలు..."

మా నాయన నా మోచెయ్యి గిల్లినాడు. "అమ్మిన సరుకు గురించి మాట్లాడతారా యాడైనా? నోరు మూసుకోయే," అన్నాడు పళ్ల సందుల్లోంచి.

"కుడి కాలు మూలలో గీత పడింది సార్. రుద్ది కనపడకుండా చేసినా."

సార్ నా వైపు చూడలేదు. మోకాళ్ల మీద కూర్చుని, టార్చి వేసి, బొటనవేలి గోరుతో ఆ మూల గీకి చూశాడు. ఒకసారి, ఇంకోసారి.

"నిన్న నా మనవరాలి స్కూలు ఎందుకడిగినావు నువ్వు?"

ఆయన ఆగలేదు జవాబు కోసం. లేచి, వల్లూరు వైపు, అద్దాల వైపు, గాలి వైపు చూశాడు.

"ఎక్కేటప్పుడు ఏం కాదు. దిగేటప్పుడే," అన్నాడు. "కుడి కాలు విరిగితే రెక్క నేలకు కొట్టుకుంటాది. మూడేండ్ల పని."

"వద్దులే సార్. బెంగళూరులో యాడైనా మైదానం..."

"అల్లుడి తల మీద దింపమంటావా?"

రిమోటు అందుకున్నాడు. విమానం కదిలింది. నేలంతా గులకరాళ్లే ఉన్నట్టు ప్రతి అదురుకూ నా పళ్లు కరుచుకుపోతున్నాయి. ఇరవై అడుగులు, ముప్పై అడుగులు, తోక లేచింది, తర్వాత చక్రాలకూ నేలకూ మధ్య వెలుతురు కనపడింది. మా నాయన శెనక్కాయ చేన్లో పిట్టలు తోలినట్టు చేతులు ఊపుతూ "పోయ, పోయ, పోయ!" అని అరిచినాడు. అది కంచె దాకా పోయి, అద్దాల జోలికి పోకుండా వంగి తిరిగి, మా నెత్తి మీదుగా మూడు చుట్లు కొట్టింది. రిమోటు పట్టుకున్న సార్ చేతులు వణకడం లేదని అప్పుడు గమనించాను.

దింపేటప్పుడు ఆయన దాన్ని ఎడమకు వంచాడు. ఎడమ చక్రం ఒక్కటే నేలను తాకింది. కుడి కాలు గాల్లోనే ఉంచి, ఒంటికాలి మీద పరిగెత్తించాడు, పరిగెత్తించాడు, వేగమంతా చచ్చేదాకా. చివరకు గాలి ఇక మొయ్యలేకపోయేసరికి కుడి చక్రం నిద్రపోయే పిల్లను పక్క మీద పడుకోబెట్టినంత మెల్లగా కిందికి దిగింది.

విరగలేదు.

మేం ముగ్గురం దాని దగ్గరికి పరిగెత్తాం. సార్ దాన్ని ముక్కు నుంచి తోక దాకా తడిమి, నిలబడి, ముఖం తుడుచుకుని, జేబులోంచి డబ్బు తీశాడు. నాకిచ్చింది ఒప్పుకున్నదానికి నాలుగో వంతు తక్కువ.

"సార్, ఇది తక్కువుండాది."

"నువ్వే చెప్పినావు కదమ్మా, లోపముండాదని. లోపమున్న సరుకుకు నిండు ధర యాడైనా ఇస్తారా? మీ నాయననడుగు."

నేను మా నాయన వైపు తిరిగాను. ఆయన ఆకాశం వైపు చూస్తున్నాడు. "చెప్పొద్దంటి కదే నేను," అన్నాడు ఆకాశంతోనే.

"విరగలేదు కదా సార్!"

"విరగలేదు. అది నా చేతి గొప్ప. నీ సరుకుది కాదు."

డబ్బు ఇంకోసారి లెక్కపెట్టి కొంగున ముడేసుకున్నాను.

తర్వాత రెక్కలు ఊడదీసి, విమానాన్ని ఆటోలోకి ఎక్కించాం. ఎత్తేటప్పుడు సార్ మా నాయనను ఎడమ వైపుకు పొమ్మన్నాడు. కుడి కాలి వైపు మాత్రం నన్నే పట్టుకోమన్నాడు.