పిడికిలి డాక్టరు

“ఈ మందులో ఏముంది బాబూ?”

“మిరపకాయ కారమేనమ్మా. రోజూ చేతులకి రాసుకో.”

ఆ నరాల డాక్టరుకీ నాకూ అవే ఆఖరి మాటలు. మళ్ళీ ఆ గడప తొక్కితే ఒట్టు.

గుంటూరులో ఆయన దగ్గరికి పోయింది చేతుల మంటకి. నా మొగుడు పోయాక, మిరపకాయల తొడిమలు తీసే ఈ చేతులే నాకు కూడు పెడుతున్నాయి. ఇవి ఆగితే పొయ్యి ఆగుద్ది. ఆయన ముందు చాచాను. చూస్తేనా! తన ఎడమ పిడికిలి విప్పి, అందులో కుడి బొటనవేలు పెట్టి బిగించాడు.

“నరం చివర నొప్పి రసం ఊరుతుందమ్మా. వెన్నులో దాన్ని ఇలా పట్టుకునే రిసెప్టర్లు ఉంటాయి. పట్టుకుంటేనే నొప్పి తెలిసేది. ఈ మందు రాస్తూ పోతే ఆ రసం ఇంకిపోతుంది.”

ఎంత ముచ్చటో ఆ పిడికిలంటే! విప్పడం, మూయడం, తనకి తనే మురిసిపోవడం.

నా వెన్నులో ఏముందో అంతా తెలిసిన మహానుభావుడు, ఏం పని చేస్తావమ్మా అని ఒక్క మాట అడగలేదు. కారంతో నొప్పి చచ్చేదయితే నాది ఏనాడో చావాలిగా!

మర్నాడు ఆ మంట చేతులతోనే మళ్ళీ కాయల ముందు కూర్చున్నా.

ఏమే కోడలా, నేను చెప్పిందంతా కాగితం మీద రాశావా? ఏదీ, చదువు. డాక్టరుగారు కదా అని నా తిట్లు మెత్తబరిచావేమో వింటాను.