చాయ్ గ్లాసుకున్న మర్యాద

మెట్లెక్కితే ఆయాసం, బట్టలు పిండితే కళ్లు తిరగడం. హన్మకొండలో దవాఖానకు పోతే రక్తం తక్కువగా ఉందని ఐరన్ గోలీలు రాశారు. రెండు నెలలు మింగినా రక్తం పెరగలేదు. నేనే సరిగ్గా తినడం లేదని ఇంట్లో అందరూ తీర్మానించారు.

మళ్లీ పోతే డాక్టరమ్మ అడిగింది: "గోలీ దేనితోటి మింగుతున్నవమ్మా?"

"చాయ్‌తోటి మేడం. పొద్దున అప్పుడే జర కూసుంట."

"అందుకే! చాయ్‌తోటి మింగితే ఐరన్ ఒంటికి పట్టది. నిమ్మకాయ నీళ్లతోటి మింగు. చాయ్ రెండు గంటలైనంక తాగు."

రెండు గంటలైనంక నన్నెవరు కూర్చోనిస్తారు? ఆ సంగతి ఆమెకేం తెలుసు!

మర్నాడు నిమ్మనీళ్లు కలుపుకొని వాకిట్లో మెట్టు మీద కూర్చున్నాను. గోలీ గొంతు దిగిందో లేదో, లోపలి నుంచి మా అత్తమ్మ కేకేసింది: "ఉట్టిగనే కూసున్నవు గదా, జర పుంటికూర తెంపు."

చాయ్ తాగేటప్పుడు ఆమె ఎన్నడూ పిలవదు. పైగా "చాయ్ తాగుతాంది, ఆగుండ్రి" అని మిగతావాళ్లను కూడా ఆపుతుంది. మా ఇంట్లో చాయ్ గ్లాసుకున్న మర్యాద మనిషికి లేదు.

ఇప్పుడు నా రక్తం పెరిగింది. రోజూ గోలీ నిమ్మనీళ్లతోనే మింగుతాను, వంటింట్లో, నిలబడే. ఆ తర్వాత గ్లాసులో చాయ్ పోసుకొని మెట్టు మీదికి పోతాను. ఒక్క గుక్క కూడా తాగను. అది చల్లారి మీగడ కట్టేదాకా చేతిలో పట్టుకొని కూర్చుంటాను.