పాతదనం చాలని చర్చి

జపాన్‌లో, గోతో దీవుల్లోని మా రేవులో ఉన్నవి తొమ్మిది ఇళ్లు, ఒక చెక్క చర్చి. ఆ చర్చికి పెద్దను నేను, ఉరగోషి కుమాకిచిని. నా భక్తి చూసి ఎన్నుకున్నారని చెప్పుకోవాలనే ఉంటుంది. నిజానికి నిచ్చెనెక్కగల మగవాళ్లు ఇంకెవరూ మిగల్లేదు. నాకప్పటికి డెబ్బై ఒకటి.

ఆ ఏడు వచ్చిన తుఫాను చర్చి కప్పు రేకులు సగం ఎత్తుకుపోయింది. పక్క దీవిలోని ఇటుక చర్చి రక్షిత కట్టడం. దాని పెంకు పగిలినా ప్రభుత్వమే సాయం చేస్తుంది. మాకా దారి లేదు. మేస్త్రీ చెప్పిన ఖర్చు విని, నెలకోసారి పడవలో వచ్చే మా ఫాదర్ తాగబోతున్న టీ కప్పు కింద పెట్టేశారు.

నేను మాత్రం ఆయన్ని నిశ్చింతగా ఉండమన్నాను. మాదీ పాతదేనని నిరూపిస్తే సరి. దారితప్పి వచ్చిన యాత్రికులకు ఇది మా ముత్తాత కట్టిందనీ, నూట ఇరవై ఏళ్లదనీ ఎంతో కాలంగా చెబుతున్నాను. చెప్పీ చెప్పీ నేనే నమ్మేశాను. చర్చి పేరిట ప్రభుత్వానికి పెట్టిన అర్జీలోనూ అదే రాశాను.

మియాహారా అనే అధికారిణి వచ్చి, టార్చి పట్టుకుని అటకెక్కింది. నేను కింద నిలబడి మా ముత్తాత పనితనం గురించి ఊదరగొడుతున్నాను.

"దూలం మీద ఏదో చెక్కారండీ," అంది పైనుంచి. "షోవా ముప్పై ఆరో సంవత్సరం, అంటే 1961. కింద ఉరగోషి కుమాకిచి, పదేళ్లు అని ఉంది. ఈయన మీకేమవుతారు?"

పైకి చూసి చెప్పాను: "ఏమీ అవడమ్మా. నేనే."

మా నాన్న, బాబాయిలు చర్చి కడుతుంటే వాళ్ల ఉలి కాజేసి చెక్కుకున్న పేరది. ఆ సంగతే మరిచిపోయాను. ఆవిడ నవ్వలేదు, నవ్వినా బాగుండేది. చట్టం ఆదుకునేంత పాతది కాదని మర్యాదగా చెప్పి పడవెక్కింది.

మా ఆవిడ సెత్సు మాత్రం కళ్లు తుడుచుకుంటూ మరీ నవ్వింది. తర్వాత అంది: "చచ్చిపోయిన ముత్తాతని ఇంకెంత కష్టపెడతావయ్యా? వచ్చి దుంపలు తరుగు."

అప్పుడు తెలిసింది, నేను అర్జీకి మాటలు వెతుక్కుంటున్న నెలరోజుల్లో ఆడవాళ్లు పని మొదలెట్టేశారని. ఎండబెట్టిన చిలగడదుంప ముక్కల్ని బియ్యంతో ఉడికించి, దంచి, మోచి ముద్దలు చేసి పడవల రేవులో అమ్ముతున్నారు. నాగసాకికి వెళ్లి స్థిరపడ్డ మావాళ్లు పార్సిళ్లలో తెప్పించుకుంటున్నారు. నన్ను తరగడానికి కూర్చోబెట్టారు. మొదటిరోజే రెండు వేళ్లు కోసుకుని, దుంపల్ని ఎరుపు చేశాను. మర్నాటి నుంచి నన్ను కట్టెల మోతకు మార్చారు.

రెండు చలికాలాలు గడిచాక కొత్త రేకులొచ్చాయి. ఆ ఆదివారం పూజలో ఫాదర్ ఆడవాళ్లందరి పేర్లూ చదివి కృతజ్ఞతలు చెప్పారు. చివర్న, కట్టెలు మోసినందుకు నా పేరు కూడా చదివారు. కప్పంతా నేనే మోస్తున్నట్టు భుజాలు విరిచి, ముందు వరసలో లేచి నిలబడ్డాను. సెత్సు చొక్కా పట్టి కూర్చోబెట్టింది.